ఆర్‌బీ1 జీన్ టెస్ట్ చేయించుకున్నాను: రిపోర్టుకి రెండు స్టార్లు, ఫోన్‌కాల్‌కి ఐదు

ముందే చెప్పేస్తున్నా, ఈ రివ్యూలో ల్యాబ్ పేరు ఉండదు. పేరు రాస్తే తిట్లూ పొగడ్తలూ ఒకే ఖాతాలో పడిపోతాయి. ఇక్కడ పొగడ్తలన్నీ ఒక్క కౌన్సిలర్‌కి (జన్యు టెస్టుల ఫలితాలు అర్థమయ్యేలా చెప్పే మనిషి) చెందాల్సినవి, తిట్లు మిగతా వాళ్ళందరూ పంచుకోవాల్సినవి. కంటి క్యాన్సర్ తెచ్చే లోపం ఆర్‌బీ1 అనే జన్యువులో పుట్టుకతో ఉందా అని చూసే ఇలాంటి టెస్ట్ చేయించుకోబోయే వాళ్ళకి ల్యాబ్ పేరు కంటే ఏం అడగాలో తెలియడం ఎక్కువ ఉపయోగం, అందుకే రాస్తున్నాను.

నా సంగతి. 1994లో, నాకు రెండేళ్ళప్పుడు, ఎడమ కన్ను తీసేశారు. మా చిన్నాన్న పెళ్ళి ఫొటోల్లో ఫ్లాష్ పడి అందరి కళ్ళూ ఎర్రగా ఉంటే నా ఎడమ కన్ను మాత్రం తెల్లగా మెరిసింది. పిల్లి కన్నులా ఉందని నానమ్మ అందట, అమ్మకి మాత్రం భయమేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. రెటినోబ్లాస్టోమా, అంటే కంటి లోపలి పొరలో పసిపిల్లలకి వచ్చే క్యాన్సర్. అప్పటి నుంచీ నాది గాజు కన్ను (గాజు కన్ను అంటారు గానీ నిజానికి అది ప్లాస్టిక్‌దే, కింద పడినా పగలదు, చిన్నప్పుడు నేను చాలాసార్లు పడేశాను). "ఒక కంటికే వచ్చింది కాబట్టి ఇది వంశానికి వచ్చేది కాదు" అని ఆ రోజు ఒక డాక్టర్ చెప్పిన మాటని మా ఇంట్లో ముప్ఫై ఏళ్ళు వేదవాక్కులా నమ్మాం.

ఆ మాట సగమే నిజం. రెండు కళ్ళకీ వస్తే ఖాయంగా పుట్టుకతో వచ్చిన జన్యు లోపమే. ఒక కంటికే వచ్చిన వాళ్ళలో కూడా నూటికి 15 మంది దాకా ఆ లోపం ఒళ్ళంతా ఉంటుంది, అంటే పిల్లలకి వెళ్ళొచ్చు. ఈ సంగతి నాకు కడుపుతో ఉన్నప్పుడు, మూడో నెల చెకప్‌లో తెలిసింది. గైనకాలజిస్ట్ నా కన్ను చూసి "ఆర్‌బీ1 టెస్ట్ చేయించుకున్నారా అమ్మా?" అని అడిగారు. ఆ పేరు వినడమే అప్పుడు మొదటిసారి.

సరే, బుకింగ్. 16,500 రూపాయలు, మూడు వారాల్లో రిపోర్టు అని వెబ్‌సైట్‌లో రాసుంది. శాంపిల్ తీయడానికి వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడే, చెప్పిన టైముకి గంటన్నర లేటు, అది పెద్ద విషయం కాదు. ఊదా మూత ట్యూబు ఒకటి నింపుకుని వెళ్ళాడు. పదిహేనో రోజున "డీఎన్ఏ సరిపోలేదు, మళ్ళీ రక్తం ఇవ్వాలి" అని మెసేజ్. ఫోన్ కాదు, మెసేజ్! మామూలు మనిషికైతే ఇది చిన్న విసుగు, కడుపుతో ఉన్న మనిషికి అలా కాదు. నేను బుక్ చేసింది 14వ వారంలో. కడుపులో బిడ్డకి లోపం ఉందా అని చూసే ఉమ్మనీరు టెస్ట్ లాంటిది ఏదైనా చేయించుకోవాలా వద్దా అని ఆలోచించుకోవడానికి ప్రతి వారమూ లెక్కే. ఫారంలో గర్భం ఎన్నో వారమో రాయించుకున్నారు మరి, అది ఎవరు చదివినట్టు? మొదటి రిపోర్టు చేతికొచ్చేసరికి 20వ వారం. ఒక స్టార్ ఇక్కడే పోయింది.

ఆ రిపోర్టు ఆరు పేజీల పీడీఎఫ్, రాత్రి పదకొండుకి మెయిల్‌లో వచ్చింది. మొత్తం ఇంగ్లిష్. మొదటి పేజీలో పచ్చ రంగు డబ్బాలో నెగెటివ్ అని. నేను ఏడ్చాను, మా ఆయన ఏడ్చాడు, పొద్దున్నే అమ్మ పూర్ణాలు వండి పక్కింటికి కూడా పంపింది. నాలుగో పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం మా కంట పడలేదు. పడినా అర్థమయ్యేది కాదు.

ప్యాకేజీలో కౌన్సిలింగ్ కాల్ ఒకటి ఉచితం. కానీ అది వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు, మీరే అడగాలి, నేను మూడు సార్లు అడిగితే ఇచ్చారు. నెగెటివ్ వచ్చాక ఇంకా కాల్ ఎందుకని మా అత్తయ్య అన్నారు. డబ్బులు కట్టాం కదా అని మొండికేసి చేయించుకున్నాను. ఆ పిసినారితనమే నన్ను కాపాడింది.

కౌన్సిలర్ చిన్న వయసు అమ్మాయే, తెలుగులో మాట్లాడింది. నలభై నిమిషాలు. మొదటి ప్రశ్నే "ఈ జీన్ పోతే ఏమవుతుందో మీకెవరైనా చెప్పారా అండీ?" అని. లేదన్నాను. ఇక మొదలుపెట్టింది, నేను నోట్‌బుక్ తీశాను. ఇక్కడ రాస్తున్నది ఆ నోట్స్, తర్వాత నేను చదువుకున్నది కలిపి.

ఆర్‌బీ1 అనేది 13వ క్రోమోజోమ్ (కణంలో డీఎన్ఏ ఉండే మూటల్లో ఒకటి) మీద ఉండే జన్యువు. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి. ఇది తయారుచేసే ప్రొటీన్ పని ఆపడం. కణం ఇంకో కణాన్ని పుట్టించాలంటే ముందు తన డీఎన్ఏ అంతా నకలు తీసుకోవాలి, ఆ నకలు పనికి కావాల్సిన జన్యువులన్నిటినీ లేపేది ఈ2ఎఫ్ అనే ఇంకో ప్రొటీన్ల గుంపు. మన ఆర్‌బీ ప్రొటీన్ ఈ ఈ2ఎఫ్‌ని జబ్బ పట్టుకుని కూర్చోబెడుతుంది. నిజంగా విభజన అవసరమైనప్పుడు బయటి నుంచి కబురొస్తుంది, సైక్లిన్ డి అనే ప్రొటీనూ దానితో జతకట్టే ఎంజైములూ వచ్చి ఆర్‌బీ మీద ఫాస్ఫేట్ ముక్కలు అతికిస్తాయి, అప్పుడు అది పట్టు వదులుతుంది, పని అయ్యాక మళ్ళీ పట్టుకుంటుంది. రెండు ప్రతులూ పోయాయనుకోండి, పట్టుకునే వాడే ఉండడు. కబురు రాకపోయినా కణం విభజనకి దిగిపోతుంది.

ఒక ప్రతి పోతే ఫరవాలేదు, రెండోది చూసుకుంటుంది. రెండూ పోవాలి అనే ఈ సంగతిని జన్యువు ఎక్కడుందో కూడా తెలియని రోజుల్లోనే, 1971లో, ఆల్‌ఫ్రెడ్ నుడ్సన్ అనే అమెరికన్ డాక్టర్ 48 మంది రెటినోబ్లాస్టోమా పిల్లల వివరాలు ముందేసుకుని లెక్కగట్టి చెప్పాడట. రెండు కళ్ళకీ వచ్చిన పిల్లలకి జబ్బు తొందరగా బయటపడుతోంది, ఒక కంటికే వచ్చిన వాళ్ళకి ఆలస్యంగా. మొదటి రకం పిల్లలు ఒక దెబ్బ తినే పుడుతున్నారు, వాళ్ళకి ఇంకొక్క దెబ్బ చాలు, రెండో రకానికి రెండూ పుట్టాకే తగలాలి. జన్యువు చేతికి చిక్కింది 1986లో. కాయితం మీద లెక్క వేసి పదిహేనేళ్ళ ముందే చెప్పేశాడంటే ముచ్చటేసింది, నా జబ్బు గురించి నాకు ముచ్చటేయడం అదే మొదలు.

అప్పుడు నేను అడిగాను. సరే, బ్రేకు పోయింది, కణాలు ఎక్కువగా పుడతాయి, అర్థమైంది. మరి రిపోర్టులో "క్రోమోజోమ్ అస్థిరత" అని రాశారేంటి, ఎక్కువగా పుట్టడానికీ క్రోమోజోములు చెదిరిపోవడానికీ ఏం సంబంధం? ఆ అమ్మాయి "మంచి ప్రశ్న అండీ" అని, "మీ ఊళ్ళో అన్నదమ్ములు విడిపోయేటప్పుడు పంపకం ఎలా చేస్తారు?" అని అడిగింది.

మా ఊళ్ళో పంపకాలు నేను చూశాను. పెద్దమనుషులు కూర్చుంటారు, గిన్నెలతో సహా అన్నీ వాకిట్లో పెడతారు, ప్రతి వస్తువూ ఎవరిదో తేలేదాకా ఎవరినీ కదలనివ్వరు. కణంలో కూడా అంతేనట. 46 క్రోమోజోములూ నకలు తీసుకుని జంటలు జంటలుగా మధ్యలో వరసగా నిలబడతాయి. అటు నుంచి తాళ్ళు, ఇటు నుంచి తాళ్ళు. ప్రతి జంటకీ ఒకటి అటూ ఒకటి ఇటూ తాడు పడిందా లేదా అని చూసే పెద్దమనుషులు ఉంటారు, వాళ్ళలో ఒకడి పేరు మ్యాడ్2. అన్నీ సరిగ్గా కట్టారని తేలాకే లాగండి అంటాడు. ఇప్పుడు చిక్కేమిటంటే, మ్యాడ్2ని తయారుచేయించేది కూడా ఈ2ఎఫే. ఆర్‌బీ లేకపోతే ఈ2ఎఫ్‌కి పగ్గాలు లేవు కాబట్టి మ్యాడ్2 కుప్పలు తెప్పలుగా తయారవుతుంది. పెద్దమనుషులు ఎక్కువైతే మంచిదే కదా అనుకున్నాను నేను. కాదట! ఎక్కువైతే పంపకం తెగదు, సాగుతూనే ఉంటుంది, పైగా తప్పుగా కట్టిన తాడుని విప్పి మళ్ళీ కట్టే వీలు లేకుండా బిగుసుకుపోతుంది, చివరికి ఎవరికి చిక్కింది వాళ్ళు పట్టుకుపోతారు. ఒక కణానికి 47, ఇంకోదానికి 45. పదిమంది పెద్దమనుషులున్న పంచాయితీ ఎలా తెల్లారుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది 2004లో తేల్చారు. తర్వాత ఎలుకల్లో ఒక్క మ్యాడ్2ని మాత్రమే పెంచి చూస్తే కూడా కణుతులు వచ్చాయి.

ఇంకో దారి కూడా ఉంది. ఆర్‌బీ ప్రొటీన్ ఈ2ఎఫ్‌ని పట్టుకోవడమే కాదు, క్రోమోజోముని గట్టిగా మూటకట్టే కండెన్సిన్ అనే ప్రొటీన్లని పనిలో కూర్చోబెడుతుంది. ఆర్‌బీ లేకపోతే మూట ముడి వదులు. సరిగ్గా తాడు కట్టాల్సిన నడుము దగ్గర వదులుగా ఉంటే, ఒకే క్రోమోజోముకి అటు తాడూ ఇటు తాడూ రెండూ పడతాయి, రెండు వైపులా లాగితే అది మధ్యలో వేలాడుతూ మిగిలిపోతుంది. ఇవి కాక మూడోది, నాకు బాగా నచ్చింది: కబురు లేకుండా హడావుడిగా నకలు తీయడం మొదలుపెడితే డీఎన్ఏ కట్టడానికి సరుకు సరిపోదు. పిండి కలపకుండా పెళ్ళి వంట పొయ్యి మీద పెట్టినట్టు. నకలు మధ్యలో ఆగుతుంది, పోగులు తెగుతాయి, తెగినవి ఎక్కడెక్కడో అతుక్కుంటాయి.

అందుకే ఈ కణుతుల్లో 1వ క్రోమోజోములో ఒక భాగం, 6వ దాంట్లో ఒక భాగం అదనంగా ఉండటం, 16వ దాంట్లో ఒక భాగం పోవడం తరచూ కనిపిస్తాయట. మళ్ళీ ఇందులో ఒక వింత. పుట్టుకతో ఒక ప్రతి పోయిన వాళ్ళకి రెండో ప్రతి ఎలా పోతుంది? చాలాసార్లు జన్యువు రాతలో కొత్తగా అక్షర దోషం రాదు. కణం విడిపోయేటప్పుడు మంచి 13వ క్రోమోజోమ్ మొత్తంగా జారిపోవడమో, రెండు 13లూ ముక్కలు మార్చుకుని చెడ్డదే రెండు సార్లు మిగలడమో జరుగుతుంది. అంటే పంపకంలో పొరపాటు వల్లే ఆర్‌బీ పోతుంది, ఆర్‌బీ పోయాక పంపకాలన్నీ పొరపాట్లే. ఇది 1983లోనే చూపించారు. నోట్‌బుక్‌లో దీని కింద రెండు గీతలు గీసుకున్నాను.

మరి కన్నే ఎందుకు అంటే, పసి కంట్లో రంగులు చూసే కోన్ కణాలు తయారవుతున్న దశలో ఈ దెబ్బకి ఎక్కువగా లొంగిపోతాయట. ఆ దశ దాటితే కంటి భయం తగ్గుతుంది, అందుకే ఇది ఎక్కువగా ఐదేళ్ళలోపు పిల్లల జబ్బు. కానీ లోపం ఒళ్ళంతా ఉన్న వాళ్ళకి పెద్దయ్యాక ఎముకలో, కండరంలో క్యాన్సర్లు, చర్మం మీద మెలనోమా వచ్చే అవకాశం ఉంటుంది, చిన్నప్పుడు రేడియేషన్ ఇచ్చి ఉంటే ఇంకా ఎక్కువ. నాకు కన్ను తీశారు గానీ రేడియేషన్ ఇవ్వలేదు. ఆ రోజు కన్ను తీసేశారని అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది, ఈ మాట చెప్పాక కాస్త తేలికపడింది. ఇంకో సంగతి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ కూడా కణంలోకి దూరి ఈ ఆర్‌బీ ప్రొటీన్‌నే పట్టుకుని పనికిరాకుండా చేస్తుందట, జన్యువు బాగానే ఉన్నా సరే. ఒక్క ప్రొటీన్‌కి ఇన్ని శత్రుత్వాలు.

ఇదంతా అయ్యాక అసలు బాంబు. "మేడమ్, మీ రిపోర్టు నెగెటివ్ అన్నారు కదా, నాలుగో పేజీ అడుగున చూడండి." పెద్ద డిలీషన్లు, అంటే జన్యువులో పెద్ద ముక్కలు ఊడిపోవడాలు, ఈ టెస్టులో తెలియవు అని ఉంది. ఆవిడ చెప్పిన పోలిక ఇది: మీ దగ్గర ఒకే పుస్తకం రెండు ప్రతులు ఉన్నాయి. ఒకదాంట్లో పది పేజీలు చిరిగిపోయాయి. రెండు పుస్తకాలూ కలిపి చదివి అచ్చుతప్పులు వెతకమంటే, ఆ పది పేజీలు మంచి ప్రతిలో చదివేసి "తప్పులేమీ లేవు" అని రాసిస్తారు. పేజీలు లెక్కపెట్టే టెస్ట్ వేరే ఉంది, దాన్ని ఎమ్ఎల్‌పీఏ అంటారు. ఆర్‌బీ1లో పుట్టుకతో వచ్చే లోపాల్లో 15 నుంచి 20 శాతం ఇలాంటి పేజీలు పోయిన రకమే.

ఈ సంగతి బుక్ చేసేటప్పుడు ఎందుకు చెప్పలేదు? కస్టమర్ కేర్‌ని అడిగితే "అది అడాన్ మేడమ్, 7,000" అన్నారు. పిజ్జా మీద చీజా, అదనం అనడానికి? పచ్చ డబ్బాలో నెగెటివ్ అని రాసే ముందు ఇంకా ఒక టెస్ట్ మిగిలుంది అని అదే డబ్బాలో రాయొచ్చు కదా. నాలాగా కాల్ అడగని వాళ్ళు ఎంతమంది పూర్ణాలు పంచుకుని ఊరుకున్నారో! రెండో స్టార్, మూడో స్టార్ ఇక్కడ పోయాయి.

7,000 కట్టాను. పాత రక్తంలో డీఎన్ఏ మిగిలింది కాబట్టి మళ్ళీ గుచ్చలేదు. కణితి ముక్క దొరికితే అందులో కూడా చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుందన్నారు గానీ, కణితి ముక్కని దాచిన 1994 నాటి మైనం బ్లాకు ఏ ఆసుపత్రిలో ఉంటుంది, అడిగితే నవ్వారు.

ఈసారి రిపోర్టు రాత్రి మెయిల్‌లో రాలేదు. కౌన్సిలర్ పగలు ఫోన్ చేసి, మా ఆయన పక్కన ఉన్నాడా అని అడిగి, అప్పుడు చెప్పింది. ఒక ప్రతిలో 18 నుంచి 23 వరకూ ఎక్సాన్లు లేవు. ఎక్సాన్ అంటే జన్యువులో అర్థమున్న పేరా అనుకోండి, ఆర్‌బీ1లో అవి 27. ఈ2ఎఫ్‌ని పట్టుకునే జేబు లాంటి చోటులో ఒక భాగం పోయిన పేజీల్లోనే ఉందట. అమ్మకీ నాన్నకీ టెస్ట్ చేస్తే ఇద్దరికీ లేదు, నాతోనే మొదలైంది. నాన్న "అంటే మా తప్పేం లేదన్నమాట" అని, వెంటనే నా మొహం చూసి ఊరుకున్నాడు.

బిడ్డకి వెళ్ళే అవకాశం సగానికి సగం. ఉమ్మనీరు టెస్ట్ గురించి కూడా ఏ వైపూ లాగకుండా చెప్పింది, ఏం చేస్తారో మీ ఇష్టం అంది, ఆ మాట అనే తీరు అందరికీ రాదు. ఉమ్మనీరు తీయించుకోకూడదని మేం అనుకున్నాం. పుట్టగానే బొడ్డుతాడు రక్తం పంపుతాం. రిజల్ట్ వచ్చేదాకా ఆగకుండా మొదటి వారంలోనే కంటి డాక్టర్ చూడాలి, తర్వాత మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, కొంచెం పెరిగాక మత్తు ఇచ్చి చూస్తారు. చిన్న మచ్చగా ఉన్నప్పుడే పట్టుకుంటే లేజర్‌తోనో, అతి చలితో గడ్డకట్టించో కన్ను పోకుండా చేయగలుగుతారు. నా రోజుల్లో ఫొటోలో తెల్లగా మెరిస్తేనే తెలిసింది, అప్పటికే ఆలస్యం. బిడ్డకి టెస్ట్‌లో లేదని తేలితే ఈ తిరుగుళ్ళన్నీ రద్దు, ఒక పసిపిల్లకి అన్నిసార్లు మత్తు తప్పుతుంది. ఆ ఒక్క కారణానికే మొత్తం 23,500 దండగ కాదంటాను.

ఎవరికి పనికొస్తుంది? ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఈ జబ్బు వచ్చి ఉంటే, ఒక కన్నయినా సరే, చేయించుకోండి, ముందు జబ్బు వచ్చిన మనిషికే చేయించండి, పిల్లలకి కాదు. ఆ మనిషిలో లోపం ఏమిటో తెలిస్తేనే పిల్లల్లో వెతకడానికి అర్థం ఉంటుంది. ఇంట్లో ఎవరికీ లేకుండా ఊరికే తెలుసుకుందామని అయితే డబ్బులు దాచుకోండి. బుక్ చేసే ముందు రెండే ప్రశ్నలు, రాసి మరీ జవాబు తీసుకోండి: డిలీషన్ టెస్ట్ ఈ రేటులో కలిసి ఉందా, కౌన్సిలర్ తెలుగులో మాట్లాడతారా. కడుపుతో ఉంటే మొదటి రోజే రెండు ట్యూబులు ఇవ్వండి, వాళ్ళు ఒకటి చాలన్నా.

ఇప్పుడు నాకు 31వ వారం. డెలివరీ బ్యాగులో పసిబట్టల పక్కన బొడ్డుతాడు రక్తానికి ఊదా మూత ట్యూబులు రెండు పెట్టుకున్నాను, ల్యాబ్ వాళ్ళే పంపారు. వాటి మీద తేదీ చూసుకోమని కౌన్సిలర్ చెప్పింది కాబట్టి చూశాను, ఒకదానికి వచ్చే నెలతో గడువు అయిపోతుంది. మార్చి పంపమని కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి తొమ్మిది రోజులైంది. జవాబు వస్తే ఇక్కడే రాసి ఒక అర స్టార్ కలుపుతాను.